ఎదిగే కాళ్ళకి అద్దె బూట్లు

నవంబరు రెండో శనివారం మా అమ్మాయి టిల్డా బడిలో స్కీల సంత పెట్టారు. వ్యాయామశాలలో బల్లలు వేసి, మంచు మీద జారడానికి కాళ్ళకి కట్టుకునే స్కీలు పిల్లలకి పొట్టివైపోయినవి, ఇరుకైపోయిన బూట్లు తల్లిదండ్రులు తెచ్చి పెడతారు. కావలసినవాళ్ళు కొనుక్కుపోతారు. తొమ్మిదింటికి తలుపులు తీస్తామని చీటీలో రాశారు. నేను ఎనిమిదింపావుకే వెళ్ళి నిలబడ్డాను. అప్పటికే నా ముందు పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్ళందరి చేతులకేసీ చూశాను, ఎవరైనా అమ్మేవాళ్ళా, అందరూ నాలాగే కొనేవాళ్ళా అని.

కొనాలో అద్దెకి తీసుకోవాలో తేలక అంతకుముందు మూడు వారాలు ఇంట్లో ఒకటే రభస. మా ఆయన పోల్డి ష్టైర్ ఊళ్ళో సిటీ బస్సు నడుపుతాడు. ఫిబ్రవరిలో బడికి వారం సెలవులిస్తారు కదా, ఆ వారం కొండల్లో ఉన్న మామయ్య ఇంటికి వెళ్తాం. మా స్కీయింగంతా ఆ వారమే.

"ఏడాదికి ఆరు రోజులు వ్రోనీ. ఆరు రోజుల కోసం స్కీలు కొంటారటే ఎవరైనా? మిగతా మూడొందల యాభై తొమ్మిది రోజులూ అవి ఎక్కడ పడుకుంటాయి? మన మంచం కిందేగా?" అని పోల్డి.

ఆ మాట ఫోనులో మామయ్య చెవిన పడింది. ఆయన పేరు ఎంగెల్‌బెర్ట్. అరవై ఎనిమిదేళ్ళు, నలభయ్యేళ్ళు రంపపు మిల్లులో పని చేసి ఒక చెవి వినికిడి పోగొట్టుకున్నాడు. రెండో చెవి మాత్రం తనకి గిట్టని మాట ఎంత దూరాన్నుంచైనా పట్టేస్తుంది.

"పెళ్ళికి అద్దె చెప్పులేసుకుని వెళ్తావురా నువ్వు? మన వంశంలో కిందటేడు దాకా అద్దె స్కీలు తొడిగినవాడు లేడు!"

"మన వంశంలో మోకాళ్ళు బాగున్నవాడు కూడా లేడు నాన్నా," అన్నాడు పోల్డి.

వాళ్ళిద్దరికీ అది వేళాకోళం. నాకు కాదు. కిందటి ఫిబ్రవరిలో టిల్డాకి అద్దె స్కీలే తీసుకున్నాం, పెద్ద రోడ్డు మీదున్న ఏదో కొట్లో, ఆదరాబాదరాగా. బూటు కాలిని నొక్కేసింది. పిల్లల వాలు మీద చిన్న రబ్బరు పట్టా ఒకటి ఉంటుంది. స్కీలతో దాని మీద నిలబడితే చాలు, అదే పైకి మోసుకుపోతుంది. మాయతివాచీ అంటారు దాన్ని. టిల్డా దాని ముందుకు వెళ్ళి నిలబడింది, ఏడ్చింది, వెనక్కి వచ్చేసింది. ఆరు రోజులూ అంతే. శుక్రవారం చిన్నపిల్లలకి పందెం పెడతారు. కిందికి దిగిన ప్రతి పిల్లకీ మెడలో పతకం వేస్తారు, మొదట వచ్చినా చివర వచ్చినా సరే. మా పిల్ల నా పక్కన కంచెకి ఆనుకుని చూసింది. దారి పొడుగునా కారులో మాట్లాడకుండా కూర్చుంది.

ఆ మౌనం నాకు తెలుసు. నాకు పదమూడేళ్ళప్పుడు మా తరగతి మొత్తం వారం రోజులు స్కీ శిబిరానికి వెళ్ళింది. మా అమ్మ ఆఫీసులు తుడిచేది. నన్ను పంపలేకపోయింది. అలా మిగిలిపోయిన నలుగుర్నీ కింది తరగతిలో వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. సోమవారం వాళ్ళందరూ తిరిగొచ్చారు, మొహాలు ఎర్రగా కాలి, కళ్ళద్దాలున్న చోట మాత్రం తెల్లగా మిగిలి. వాళ్ళు ఏవేవో గుర్తు చేసుకుని విరగబడి నవ్వుతుంటే నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే. రెండేళ్ళకి బడి మానేసి రొట్టెల కొట్లో చేరాను. ఆ తరవాత స్కీల ఊసే ఎత్తలేదు. కొండ ఊరివాణ్ణి చేసుకున్నానన్న మాటేగానీ ప్రతి ఫిబ్రవరీ కంచె దగ్గర థర్మాస్ పట్టుకుని నిలబడ్డమే నా పని.

ఈ ఏడు టిల్డా పైకి వెళ్ళకపోతే ఇక ఎప్పటికీ వెళ్ళదని నాకు పట్టుకుంది. భయం ఒకసారి గూడు కట్టుకుంటే దాన్ని దులపడం కష్టం. సొంత స్కీలైతే మూడు నెలల ముందే చేతికొస్తాయి. రోజూ చూస్తుంది, ముట్టుకుంటుంది, మచ్చిక చేసుకుంటుంది. మామయ్య మాటే నిజం అనిపించింది.

తలుపులు తీశారు. ఎర్ర స్కీలు ఒక జత, నీలం బూట్లు ఒక జత నాకు కనిపించాయి. వాటిని రెండు చేతులా పట్టుకున్నాను.

"పిల్ల కాలెంతమ్మా?" అంది బల్ల వెనకావిడ.

"ఇరవై తొమ్మిదో నంబరు."

"ఇవి ముప్పై ఒకటి. మరీ మంచిది! మేజోళ్ళు రెండు జతలు వేశావంటే ఈ ఏడు, ఒక జతతో పై ఏడు. రెండు శీతాకాలాలు లాగించెయ్యొచ్చు."

స్కీలు నిలబెడితే పిల్ల గడ్డం దాకా రావాలని అందరూ అంటారు. ఇవి నుదురు దాటతాయి. అయితేనేం, పిల్ల ఎదగదా? పండక్కి గౌను కొని అంచు లోపలికి మడిచి కుట్టమా? అలాగే కొన్నాను. ఇంటికొచ్చే దారిలో ట్రాములేని ఊరైనందుకు మొదటిసారి విచారించాను. స్కీలు మోసుకుంటూ పోల్డి స్నేహితుడి బస్సే ఎక్కాల్సొచ్చింది. నన్ను చూసి, "అక్కా, మంచు ఇంకా పడలేదే!" అని ఆ అబ్బాయి నవ్వాడు.

పోల్డి బూటు ఒకటి పైకెత్తి లోపలికి చూశాడు.

"ఇందులో మనమ్మాయి ఒక్కతేనా, పక్కింటి పిల్ల కూడానా?"

"ఎగతాళి చాల్లే. ఎదిగే పిల్ల."

"ఏమో మరి. నా బస్సులో ఇన్ని సీట్లు లేవు."

కానీ టిల్డా మురిసిపోయింది. ఆ బూట్లు తొడుక్కుని వసారాలో టకటకా నడిచేది. కింది వాటా ముసలావిడ చీపురు కర్రతో తన పైకప్పు కొట్టేది. క్రిస్మస్ నాటికి స్కీలకి పేర్లు కూడా పెట్టింది. ఒకటి జామ్, రెండోది వెన్న. నేను లోలోపల పొంగిపోయాను. నా లెక్క సరిపోయిందనుకున్నాను.

ఫిబ్రవరిలో వెళ్ళాం. మామయ్య గుమ్మంలోనే ఎర్ర స్కీలు అందుకుని, అంచుల మీద బొటనవేలు రాసి చూసి, "సొంతవి! అదీ మాట!" అన్నాడు. ఆ సాయంత్రమే నేలమాళిగలో మైనం కరిగించి వాటికి పూశాడు. ఇల్లంతా ఆ వాసన. నాకు హాయిగా ఉంది.

ఆదివారం పొద్దున వాలు దగ్గర టిల్డాకి మేజోళ్ళు రెండు జతలు తొడిగాను. పిల్లలకి నేర్పే హైడ్రున్ వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆవిడ గట్టి మనిషి. గొంతు ఇంకా గట్టిది.

"రా బంగారం. కాళ్ళు ముందు వేపు దగ్గరికి, వెనక వేపు దూరంగా. పిజ్జా ముక్కలాగ! పిజ్జా పెట్టావంటే ఆగుతావు."

టిల్డా పిజ్జా పెట్టింది. కాలు తిరిగింది గానీ స్కీ తిరగలేదు. బూటు లోపల అదొక్కటే గిర్రున తిరిగినట్టుంది. పక్కకి పడింది. లేచింది. మళ్ళీ పడింది. నాలుగోసారి ఆ పొడుగు ఎర్ర ముక్కులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. పిల్ల బోర్లా పడింది. నేను కంచె పట్టుకుని, "జాగ్రత్త! జాగ్రత్తమ్మా!" అని అరుస్తూనే ఉన్నాను. చివరికి మాయతివాచీ ముందు మంచులో చతికిలబడిపోయింది.

"నాకు రాదు."

"వస్తుంది నాన్నా, ఒక్కసారి..."

"నాకు రాదన్నానా! జామ్‌కీ వెన్నకీ కూడా నేనంటే ఇష్టం లేదు!"

కిందటేడు బూటు ఇరుకని సాకైనా ఉంది. ఈసారి సొంతవే కదా, మచ్చిక చేసుకుంది కదా, ఇక లోపం ఎక్కడుంది, పిల్లలోనా, నాలోనా?

మామయ్య వచ్చాడు. మంచులో మోకాళ్ళ మీద కూర్చుని బూటు బకిళ్ళు ఊడదీశాడు. పిల్ల కాలు బూటుతో పని లేకుండా బయటికి వచ్చేసింది. పై మేజోడు మడతలు పడి పాదం కింద ఉండ కట్టుకుపోయింది.

"ఇది బూటా, బకెట్టా?" అన్నాడు. "అమ్మాయ్, రెండు మేజోళ్ళు ఎవరు తొడగమన్నారు?"

"సంతలో..." అన్నాను. "పై ఏడుక్కూడా వస్తాయని."

ఆయన తిడతాడనుకున్నాను. టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

"కొనమని మూడు వారాలు ఫోనులో పోరు పెట్టింది నేనే కదా. మైనం పూస్తూ వాటి పొడుగైనా చూసుకోలేదు," అన్నాడు. "పద. గొట్‌ఫ్రీడ్ దగ్గరికి పోదాం."

గొట్‌ఫ్రీడ్‌ది అద్దె కొట్టు, వాలు కిందే. ఆ ఊళ్ళో పుట్టినవాడెవడూ ఆ గుమ్మం తొక్కడు. అది పట్నం వాళ్ళకి. మామయ్య అందులోకి వెళ్ళడం ఊళ్ళో ఎవరైనా చూస్తే సాయంత్రానికల్లా సారాకొట్టు దాకా పాకిపోతుంది. ఆయన టోపీ కళ్ళ మీదికి లాక్కుని, మొహం పక్కకి తిప్పుకుని, దొంగలా లోపల దూరాడు.

"ఎవరూ, ఎంగెల్‌బెర్టేనా? దారి తప్పావా, తుపానుకి కొట్టుకొచ్చావా?" అని గొట్‌ఫ్రీడ్ కొట్టు మొత్తం వినిపించేలా అరిచాడు.

"మనవరాలి కోసం వచ్చాను. ఎక్కువ వాగకు."

"వాగడం ఉచితం బావా. బూట్లకే అద్దె."

నలుగురూ నవ్వారు. మామయ్య కూడా, మీసాల చాటున.

గొట్‌ఫ్రీడ్ మా నీలం బూటు తీసుకుని లోపలి మెత్తటి తొడుగు బయటికి లాగేశాడు. మిగిలిన గట్టి డొల్లలో టిల్డా పాదం పెట్టించి, వేళ్ళు ముందుకి ఆనించమని, మడమ వెనక తన చెయ్యి దూర్చాడు. నాలుగు వేళ్ళూ దూరాయి.

"ఒక వేలు పట్టాలమ్మా. రెండు పడితే సర్దుకోవచ్చు. నాలుగు పట్టాయంటే వెనక గది అద్దెకివ్వొచ్చు."

నా మొహం చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వొక్కదానివే అనుకుంటున్నావా? నవంబర్లో ఊరూరా సంతలు పెడతారు. ఫిబ్రవరిలో నా కొట్టు నిండుతుంది. చొక్కా వదులైతే చొక్కాకే నష్టం. ఈ బూటు వదులైతే కాలు ఒకటి చెబుతుంది, స్కీ ఇంకొకటి వింటుంది. నేను అద్దెకే కాదు, అమ్మకానికీ పెడతాను. పిల్లకి కొనమంటే నాకే లాభం. అయినా చెబుతున్నా, ఎదిగే కాలికి అద్దె. ఎదగడం ఆగిన కాలికి సొంతం. వారం మధ్యలో బిగుతనిపిస్తే తీసుకురా, ఇంకోటిస్తా. పిల్ల దూకుడు పెరిగితే స్కీలు ఇంకాస్త పొడుగువి ఇస్తా. సంతలో ఆవిడ మారుస్తుందా?"

పల్చటి మేజోడు ఒకటే తొడిగి, తన కొట్లోని తెల్లబూట్లు వేశాడు. గడ్డం దాకా వచ్చే పొట్టి స్కీలు నిలబెట్టాడు. టిల్డా బూటులో కాలివేళ్ళు కదిపింది. మడమ ఎత్తబోయింది. మడమ లేవలేదు.

"పట్టుకుంది," అంది ఆశ్చర్యంగా.

"మరి వెళ్దామా తల్లీ?" అన్నాను, ఆత్రం ఆపుకోలేక.

టిల్డా కదల్లేదు. నన్ను కిందినించి పైదాకా చూసింది.

"అమ్మకేవి?"

"నాకెందుకే? నేను కంచె దగ్గరుంటాను. అక్కణ్ణించి చూస్తాను."

"వద్దు. నువ్వు చూస్తే నేను వెళ్ళను."

"అదేం మాటే?"

"నువ్వు ఇలా చూస్తావు," అని కనుబొమ్మలు పైకెత్తి, నోరు తెరిచి, రెండు చేతులూ గుండెకి హత్తుకుని చూపించింది. ఎంత బాగా చేసిందంటే గొట్‌ఫ్రీడ్ వెనక్కి తిరిగి దగ్గాడు. "నీ మొహం చూస్తే అక్కడ ఏదో ఉందనిపిస్తుంది. నాకు భయమేస్తుంది. నువ్వూ రా."

పోల్డి కూడా ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు. కిందటేడు ఆరు రోజులూ కంచె దగ్గర నిలబడి నేను పిల్లకి కాపలా కాస్తున్నాననుకున్నాను. పిల్ల వెనక్కి తిరిగిన ప్రతిసారీ నా మొహంలో గోతులు చూసిందన్నమాట. బూటు ఇరుకు కాబట్టి ఏడ్చింది నిజమే. మర్నాడు, ఆ మర్నాడు ఏడ్చింది దేనికి?

"నాకు రాదు టిల్డా," అన్నాను. ఒక గంట క్రితం మంచులో అదన్న మాటే. నాకే వినిపించింది.

"హైడ్రున్ నేర్పుతుంది. పిజ్జా పెట్టడమే."

మామయ్య గోడ మీది మైనం డబ్బాల ప్రకటన చదువుతున్నాడు, అక్షరం అక్షరం.

"ఇరవై ఆరేళ్ళదానికి సరిపోయేవి ఉన్నాయా?" అన్నాను.

గొట్‌ఫ్రీడ్ అప్పుడే కాగితం తీశాడు. "ఎత్తు? కాలు కొలత? బరువు?"

మొదటి రెండూ ఉన్నదున్నట్టు చెప్పాను. బరువు దగ్గర, "అరవై నాలుగు కిలోలు," అన్నాను.

కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు ఇది. నీ బరువుని బట్టి బిగిస్తాను. తక్కువ చెప్పావనుకో, నడి వాలులో ఊడొస్తుంది. భర్తకి చెప్పే బరువు కాదమ్మా, నాక్కావలసింది."

"డెబ్బై ఒకటి," అని గొణిగాను.

"ఎంత?" అన్నాడు మామయ్య, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"మీరు ప్రకటన చదవండి మామయ్యా!"

మాయతివాచీ మీద నా ముందు టిల్డా, టిల్డా ముందు ముక్కు కారుతున్న నాలుగేళ్ళవాడు. నా వెనక ఇంకో ముగ్గురు బుడతలు. వాళ్ళందరి మధ్యా నేనొక్కదాన్నే పొడుగ్గా, గుడి ధ్వజస్తంభంలా. కంచె దగ్గర పోల్డి ఉన్నాడు. నా చేతిలో ఉండాల్సిన థర్మాస్ అతని చేతిలో ఉంది. నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

పైన హైడ్రున్ ఉంది. "తల్లీ కూతుళ్ళా? భలే. ఎవరు ముందు?"

"నేను," అంది టిల్డా, నేను గుటక మింగేలోపు.

వెళ్ళిపోయింది. మోకాళ్ళు వంచి, చేతులు కోడిపిల్ల రెక్కల్లా చాచి, ఆ పొట్టి స్కీలు పిజ్జా పెట్టుకుని, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా. ఒకసారి తూలింది. నా నోట్లోంచి "జాగ్ర" దాకా వచ్చింది. మిగతాది మింగేశాను. అది నిలదొక్కుకుంది. మెల్లిగా ఎడమకి తిరిగింది. తిరిగిందంటే స్కీలు కూడా తిరిగాయి. కింద ఆగి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ పైకెత్తింది. ఏదో అరిచింది. నాకు వినపడలేదు. గాలి.

"ఇక నువ్వు, పెద్ద టిల్డా," అంది హైడ్రున్.

ఎలా దిగానో చెప్పలేను. సగం దాకా దిగాను, అది నిజం. ఆ తరవాత సగం కూర్చుని దిగాను. హైడ్రున్ పైనుంచి, "పిజ్జా! పిజ్జా! అయ్యో, అది అట్టు!" అని అరుస్తూనే ఉంది. కింద టిల్డా నన్ను చూసి మంచులో పడి దొర్లి నవ్వింది. నేనూ నవ్వాను, ఈసారి ఎందుకో తెలిసే. మెడలోంచి లోపలికి మంచు వెళ్ళి వీపు మీదినుంచి కరిగి కారుతోంది. ఆకాశం ఎంత నీలంగా ఉందో ఆ వేళ పడుకుని చూశాను.

"ఇంకోసారి అమ్మా?"

"ఇంకోసారి."

ఆ రోజు పదకొండుసార్లు ఎక్కాం. మధ్యాహ్నం వాలు కింది సత్రంలో గసగసాలు చల్లిన ఆవిరి కుడుము ఇద్దరం ఒకటే పళ్ళెంలో తిన్నాం. టిల్డా పెదాల మీద గసగసాలు అంటుకుని ఉండగానే బల్ల మీద తలపెట్టి నిద్రపోయింది. నా తొడలు వణుకుతున్నాయి.

బుధవారం గొట్‌ఫ్రీడ్ దాని స్కీలు మార్చి వాటికన్నా అరచెయ్యంత పొడుగెక్కువవి ఇచ్చాడు. జామ్, వెన్న నేలమాళిగలో మేకుకి వేలాడుతున్నాయి. వాటి కాలం ఇంకా రాలేదని, అవి ముందే పెద్దవైపోయాయి, ఇక తానే వాటికి తగ్గట్టు పెద్దది కావాలని టిల్డా మామయ్యకి వివరంగా చెప్పింది. మామయ్య తలాడించాడు. సారాకొట్టులో ఆయన్ని "అద్దె మామా" అని పిలుస్తున్నారని పోల్డి చెప్పాడు. ఆయనకి కోపం రాలేదు. పైగా అందరికీ ఆయనే సారా పోయిస్తున్నాడట.

శుక్రవారం పందెంలో టిల్డా పంతొమ్మిది మందిలో పదిహేడో స్థానంలో వచ్చింది. ఈసారి నేను వాలు కింద, మంచులో, స్కీల మీద నిలబడి చూశాను. కనుబొమ్మలు కిందే ఉంచడానికి చాలా కష్టపడ్డాను. మెడలో పతకంతో అది నేరుగా నా మీదికి వచ్చేసింది, ఆగడం మరిచిపోయి. ఇద్దరం పడ్డాం.

శనివారం పొద్దున కారులో సామాను సర్దుతుంటే అద్దె సామాను ఇచ్చి రమ్మని నన్ను పంపారు. గొట్‌ఫ్రీడ్ టిల్డా బూట్లు, స్కీలు, నా స్కీలు తీసుకుని గుడ్డతో తుడిచి అలమరలో పెట్టాడు. నా బూట్లు మాత్రం బల్ల మీదే ఉంచాడు.

"పిల్లవి వచ్చే ఏడు మళ్ళీ నా దగ్గరే. ఎంత కాలొస్తుందో అప్పుడు చూద్దాం. ఇవి?"

ఆ బూట్లు వారం రోజుల్లో నా మడమకి అలవాటయ్యాయి. మొదటి రెండు రోజులూ కుడి చీలమండ దగ్గర ఒరుసుకుంది. మూడో రోజుకి ఆ చోటు ఎక్కడో కూడా గుర్తులేదు.

"ఈస్టర్ అయ్యాక అద్దెకి తిరిగినవన్నీ సగానికి సగం తగ్గించి అమ్మేస్తాను," అన్నాడు. "నీకు కావాలంటే అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడతా. స్కీలు అద్దెకే తీసుకో, ఆరు రోజులకి అవి చాలు. బూటొక్కటే సొంతం చేసుకో. ఇక నీ కాలెక్కడికి పోతుంది?"

ఇంట్లో అడిగి చెబుతానని నోటిదాకా వచ్చింది. ఎప్పుడూ అలాగే అంటాను. మంచం కింద చోటు సంగతి పోల్డి ఏమంటాడో తెలుసు. వచ్చే ఏడు మంచు పడకపోతేనో, నేను పడి కాలు విరగ్గొట్టుకుంటేనో అన్న ఆలోచనలూ వరసగా వచ్చి నిలబడ్డాయి. వాటిని నిలబడనిచ్చాను.

"పక్కన పెట్టండి," అన్నాను.

గొట్‌ఫ్రీడ్ చీటీ తీసి పెన్సిలు నాలిక మీద తడుపుకున్నాడు. "పేరు తెలుసు. ఫోను నంబరు చెప్పు."

చెప్పడం మొదలెట్టాను. బయట పోల్డి హారన్ మోగించాడు. వెనక సీట్లోంచి టిల్డా కూడా అందుకుని, "అమ్మా! త్వరగా!" అని కేకేసింది.

"వస్తున్నా!" అని అరిచి, మిగిలిన రెండంకెలూ చెప్పి, ఆయన సరిగ్గా రాశాడో లేదో బల్ల మీదికి వంగి చూసుకున్నాను.